ముందు చదవకండి, చూడండి: పాత కార్డుముక్కల గురించి

మీరు అడిగింది ఇది. తాతగారి ట్రంకుపెట్టెలో రెండు వందలకు పైగా చేతిరాత పోస్టుకార్డులు దొరికాయి, కొన్నిటికి మధ్యలో చిల్లులున్నాయి, కొన్నిటి మూలల్లో పసుపు మరకలున్నాయి, సగం రాత అర్థం కావడం లేదు. వీటిని కళాఖండాలుగా చూడొచ్చా, చూస్తే ఎలా చూడాలి, ఎలా దాచాలి? దానికి ఒకరు "అవి ఇంటి జ్ఞాపకాలు, కళ కాదు, స్కాన్ చేసి పెట్టుకుంటే చాలు" అని జవాబిచ్చారు. ఆ జవాబు చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ముప్పై ఏళ్లు సార్టర్‌గా పనిచేశాను. రాత్రంతా కదిలే బండిలో గూళ్ల ముందు నిలబడి, కట్ట విప్పి, ఒక్కో కార్డునూ చిరునామా చూసి దాని గూట్లో వేయడం నా పని. రెండో వైపు చదవకూడదు, చదవలేదు. కానీ చదవకపోయినా కన్ను చూస్తూనే ఉంటుంది కదా. అక్షరాలు కాక రాత తీరు కనిపిస్తుంది, ఈ కార్డు తొందరలో రాసింది, ఇది ఎవరికోసమో ఇంకెవరో రాసిపెట్టింది, ఇది కోపంగా ఉంది అని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. రిటైరయ్యాక పాత కాగితాల దుకాణాల్లోనూ, హైదరాబాదులో ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా తిరిగి తెలుగులో రాసిన కార్డులు పోగుచేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు రెండో వైపు కూడా చూస్తున్నాను. చూడటం ముందు, చదవడం తర్వాత. మీకు నేను చెప్పదలచిన అసలు మాట ఇదొక్కటే, మిగతాదంతా దాన్ని వివరించడానికే.

కళ కాదు అన్న మాట దగ్గరికి వస్తాను. పొద్దున్నే వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసే మనిషిని అడగండి, కళ చేస్తున్నావా అని. పని చేసుకుంటున్నాను అంటుంది. వాకిలి ఎంతుందో అంతలోనే పట్టాలి, చుక్కను తాకకుండా తిప్పాలి, మధ్యాహ్నానికి తొక్కుళ్లలో పోతుందని తెలిసీ వంకర లేకుండా గీయాలి. పోస్టుకార్డు సరిగ్గా అదే పని. కార్డు పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 9. అందులో ఒక వైపు సగం చిరునామాకి పోతుంది. మిగిలిన చోట్లో పంట సంగతి, పిల్లకి వచ్చిన సంబంధం, అప్పు, పెద్దాయన ఆరోగ్యం, అందరి పేరుపేరునా దీవెనలు పట్టించాలి. పైగా కొట్టివేతలుండకూడదు, ఎందుకంటే ఇంకో కార్డు కొనాలంటే ఇంకో డబ్బు కావాలి, పోస్టాఫీసు పక్క ఊళ్లో ఉంటే ఇంకో రోజు పోతుంది. ఆ ఇరుకులోంచి పుట్టిన అమరికను కళ అనక ఏమనాలో నాకు తెలియదు.

ఒక కార్డును దగ్గర నుంచి చూపిస్తాను. నా దగ్గరున్నవాటిలో నాకు చాలా ఇష్టమైనది, 1958 నాటి 5 నయా పైసల కార్డు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పల్లెటూరి నుంచి వాల్తేరులో యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న కొడుక్కి తండ్రి రాశాడు. రాత గొలుసుకట్టు. అంటే కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ పోయే రాత, ఊళ్లలో కరణాలు లెక్కలు రాసిన తీరు. మీకు సగం అర్థం కావడం లేదన్నారే, బహుశా ఇదే కారణం. అలవాటు లేని కంటికి అది తెలుగులాగే కనిపించదు, తలకట్లన్నీ కలిసి ఒక తీగలా సాగిపోతాయి. ఇది పాళీని సిరాబుడ్డిలో ముంచి రాసిన కార్డు కాబట్టి మాటలన్నీ ఒకే నలుపులో ఉండవు. ముంచగానే రాసిన మాట ముదురుగా ఉంటుంది, ఐదారు మాటలకి పలచబడుతుంది, మళ్లీ ముదురు. కార్డును చేయి చాచి దూరంగా పట్టుకుని చూస్తే ఊపిరి తీసి వదిలినట్టు ఒక లయ కనిపిస్తుంది. ఈ కార్డులో ఏడో వరస దగ్గర ఆ లయ తప్పుతుంది. "ఈ నెలాఖరుకు" దాకా సిరా బాగానే ఉంది, అయిపోలేదు, అయినా తర్వాతి మాట "ముప్పది" ఒక్కసారిగా నల్లగా, గుండ్రంగా పడింది. తర్వాత "రూప్యములు మనియార్డరు చేయగలవాడను" మామూలుగా సాగింది. అవసరం లేకుండానే కలం మళ్లీ ముంచాడన్నమాట. అంటే అక్కడ ఆగాడు. ఎంత పంపగలనా అని ఆలోచించాడు, పాళీ ఆరిపోయింది, ముంచి ఆ మాట రాశాడు. ఆ తండ్రి గుండెలో బరువు ఆ కార్డులో ఏ వాక్యంలోనూ లేదు, సిరాలో ఉంది.

ఇంకొకటి చూడండి. కుడివైపు కింది మూలలో నాలుగు మాటలు వేరే చేతిరాతలో ఉన్నాయి: "తలకు నునె రాసుకో నాయనా". నూనెకి దీర్ఘం లేదు. ఒక్కో అక్షరం తండ్రి అక్షరానికి రెండింతలుంది, ఒకటి ఇంకోదాన్ని తాకదు, పలకమీద దిద్దినట్టు విడివిడిగా ఉంది. తల్లి రాసింది. మొదట్లో నేను, ఆయన రాయడం అయిపోయాక చోటు మిగిలితే ఆవిడ రాసిందనుకున్నాను. తర్వాత ఒకరోజు ఊరికే వరసల చివర్లు చూస్తూ కూర్చుంటే తెలిసింది. కింది ఐదు వరసలూ మూలకి ముందే, గోడ కట్టినట్టు ఒకేచోట ఆగుతున్నాయి. ఒక్క అక్షరం కూడా అటు దాటలేదు. పైగా ఆయనకి చోటు చాల్లేదు, చివరి రెండు మాటల్ని ఎడమ అంచు వెంట కార్డు తిప్పి నిలువుగా రాసుకున్నాడు. అంత ఇరుకులోనూ ఆ మూల ముట్టుకోలేదు. మొదలుపెట్టకముందే ఆ మూల ఆవిడదని తీర్మానం అయిపోయింది. ఆవిడ రాసిన తప్పు దిద్దనూ లేదు. ఇది చదివితే దొరికేది కాదు. ఆ కార్డులో ఒక సంసారం మొత్తం ఖాళీజాగాలో రాసి ఉంది.

అందుకే ముందు చదవకండి అంటున్నాను. చదవడం మొదలుపెట్టగానే మనకి అర్థమే కావాలి, అక్షరం మాయమైపోతుంది. కార్డును తలకిందులుగా పెట్టి రెండు నిమిషాలు చూడండి. మాటలు అందవు కాబట్టి కన్ను తన పని తాను చేస్తుంది. ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచబడింది, ఎక్కడి నుంచి అక్షరాలు చిన్నవవడం మొదలైంది, ఏ వరస వంగింది, అవన్నీ కనిపిస్తాయి. మొదట తీరిగ్గా పెద్ద అక్షరాలతో "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, సగానికొచ్చేసరికి అసలు సంగతి ఇంకా మొదలవలేదని గ్రహించి, అక్కణ్నుంచి వరసలు బిగించి, చివరికి చీమల బారులా చేసేసిన కార్డులు మీ కట్టలో కచ్చితంగా ఉంటాయి. నా దగ్గర ఒక కార్డులో ఒకే వైపు ఇరవై ఏడు వరసలున్నాయి, భూతద్దం లేకుండా చదివేయొచ్చు. అంత చేయి తిరిగిన మనిషి ఏ ఊళ్లో ఏ అరుగు మీద కూర్చుని రాశాడోనని ఇప్పటికీ తలుచుకుంటాను.

మన లిపికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, అందమూ దాంట్లోంచే వచ్చింది. ఇంగ్లీషు రాత వరస వెంట పోతుంది. మనది వత్తులతో కిందికి కూడా దిగుతుంది. "లక్ష్మి" అని రాస్తే షవత్తు, దాని కింద మవత్తు, కింది వరస జాగాలోకి దిగిపోతాయి. కాగితం బోలెడుంటే వరసల మధ్య ఎడం వదులుకోవచ్చు, కార్డు మీద కుదరదు. అప్పుడేం చేసేవాళ్లంటే, కింది వరస రాసేటప్పుడు పై వరస వత్తు ఎక్కడ దిగిందో చూసుకుని అక్కడ మాట విరిచేవాళ్లు, లేదా కొమ్మును పక్కకి తిప్పేవాళ్లు, గుడిని పై అక్షరం కడుపులోకి దూర్చేవాళ్లు. బాగా రాసినవాళ్ల కార్డులో రెండు వరసలు వేళ్లు పెనవేసుకున్నట్టుంటాయి, అయినా ఒకటి ఇంకోదాన్ని చెరపదు. మీ కట్టలో "లక్ష్మి" గానీ "శాస్త్రి" గానీ పేరున్న కార్డు తీసి, ఆ పేరు కింది వరసలో ఏం జరిగిందో చూడండి. అక్కడే తెలిసిపోతుంది రాసినవాళ్ల చేయి ఎలాంటిదో.

సిరా గురించి కొంచెం, ఎందుకంటే రంగు చూసి చాలామంది మోసపోతారు. గోధుమరంగులోకి తిరిగిన రాత మొదట నల్లటిదే, ఇనుము కలిసిన పాతకాలపు సిరా ఏళ్లు గడిచేకొద్దీ అలా మారుతుంది, బాగా ముదిరితే కాగితాన్నే తినేస్తుంది. వెలిసిపోయి లేతనీలంగా ఉన్నవి ఫౌంటెన్ పెన్నువి. రాజమండ్రి రత్నం పెన్నులు 1932 నుంచి ఉన్నాయి, గాంధీగారి స్వదేశీ మాటతో మొదలైనవి, గోదావరి జిల్లాల కార్డుల్లో ఫౌంటెన్ పెన్ను రాత చూసినప్పుడల్లా నాకు అవే గుర్తుకొస్తాయి. ఊదారంగు మరకలున్నవి తడి తగిలితే రంగు తేలే పెన్సిలుతో రాసినవి, వాటికి మాత్రం చెమట చేయి కూడా తగలనివ్వకండి. పాళీతో రాసినవాటిలో నొక్కిన చోట గీత రెండు సన్నని అంచులుగా చీలి మధ్యలో తెల్లగా కనిపిస్తే అది రాత లోపం కాదు, చేయి బలంగా నొక్కింది, సిరా అందలేదు. ఇక బాల్‌పెన్ను కార్డుల్ని చాలామంది తీసిపారేస్తారు, అందం లేదని. తప్పు. గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని కార్డు పక్కన బల్లమీద ఆనించి ఏటవాలుగా వెలుగు పడేట్టు పెట్టండి. నొక్కిన ప్రతి గీతా కాలవలా కనిపిస్తుంది. కార్డు తిప్పి వేలితో మెల్లగా తడమండి, వెనకవైపు ఉబ్బు తగులుతుంది. ఒక తల్లి రాసిన కార్డులో "జాగ్రత్త" అన్న మాట ఒక్కటే వెనక్కి ఉబికి ఉండటం నేను చూశాను.

చిల్లుల సంగతి అడిగారు. అవి ఎలుకలు కొట్టినవి కావు. ఇళ్లలో దూలానికో గోడకో ఒక ఇనుపతీగ వేలాడేది, అడుగున చిన్న చెక్కబిళ్ల, కొస వంచి ఉండేది. వచ్చిన ఉత్తరం చదవడం అవగానే ఆ తీగకి గుచ్చేసేవాళ్లు. మీ కార్డుల్లో చిల్లు చుట్టూ తుప్పు రంగు వలయం ఉంటే అదే. ఏ కార్డు ఎప్పుడొచ్చిందో ఆ వరసలోనే తీగమీద ఉండేది, కాబట్టి కట్ట కట్టి ఉంటే ఆ వరస చెదరగొట్టకండి, ముందు పెన్సిలుతో ఒక చీటీ మీద క్రమం రాసుకోండి, కార్డు మీద కాదు. చిల్లు అక్షరం మధ్య నుంచి పోయిందనో అందం చెడిందనో దాన్ని మూయించే ప్రయత్నం మాత్రం చేయకండి. మూలల్లో పసుపు శుభవార్తకి. పెళ్లి ముహూర్తమో, సీమంతమో, మనవడు పుట్టాడనో. చావు కబురు కార్డు మీ పెట్టెలో దాదాపు దొరకదు. చదవగానే చింపి బయట పారేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాళ్లు. అంచేత ఇలాంటి పెట్టెలన్నిటిలో పుట్టుకలుంటాయి, పెళ్లిళ్లుంటాయి, ఒక మనిషి రాత మాత్రం ఒక తేదీ తర్వాత ఇక కనిపించదు.

ఇంకో విషయం మరచిపోకూడదు. కార్డు విప్పిన ఉత్తరం. పోస్ట్‌మాన్ చదవొచ్చు, చదువురానివాళ్లకి చదివి వినిపించేదీ చాలాచోట్ల ఆయనే, దారిలో నలుగురి చేతిలో పడొచ్చు. రాసేవాళ్లకి అది తెలుసు. అందుకే "నీకు తెలిసిన సంగతే", "ఆ విషయం వచ్చినప్పుడు మాట్లాడుకుందాం", "పైన అనుకున్న ప్రకారమే" లాంటి మాటలు కనిపిస్తాయి. చెప్పకుండా చెప్పడం ఒక విద్య, దాన్ని మడిచి అంటించే ఇన్‌లాండ్ లెటర్ పోగొట్టింది, ఎందుకంటే అంటించేశాక ఇక దాపరికం అక్కర్లేదు కదా.

రెండో కార్డు కూడా చూపిస్తాను, ఇది 1980ల నాటిది, 15 పైసలది, పులి బొమ్మ అచ్చు ఉన్నది. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి మహారాష్ట్రలోని భీవండీకి వెళ్లింది. సిరిసిల్ల వైపు మగ్గాలు సాగక, మరమగ్గాల పనికి భీవండీ, షోలాపూర్, సూరత్ వెళ్లిపోయిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. కార్డు నిండా ముచ్చటైన బడిరాత, తలకట్లన్నీ ఒకే ఎత్తు, వరస వంగదు. ఏ టీచరో హైస్కూలు పిల్లాడో రాసి ఉండాలి. మొదటి రెండు వరసలు పుస్తకాల భాష: "ఇక్కడ అందరము క్షేమము, అక్కడ నీ క్షేమమునకు వ్రాయవలెను". మూడో వరసలో హఠాత్తుగా "బిడ్డా పైలంగుండు, యాల్లకు తిను, నీ మీదనే పానం కొట్టుకుంటున్నది" అని వస్తుంది. రాసేవాడి చేయి అదే, అక్షరం తీరు అదే, గొంతు మాత్రం మారిపోయింది. రాసేవాడు మొదట తనకొచ్చిన మర్యాద మాటలు పెట్టాడు, తర్వాత ఆ తల్లి మాట్లాడుతూ పోతుంటే గ్రాంథికంలోకి మార్చడం మానేసి ఆవిడ నోటి మాట ఆవిడ నోటి మాటలాగే దింపాడు. అతను అలా రాయాలని ఎవరూ అడగలేదు. కార్డు అడుగున ఆవిడ ఏదో గీసింది, సంతకం కాదు, బొటనవేలి ముద్రా కాదు, ఒక చిన్న గుండ్రం, అందులో చుక్క. బొట్టు అని నేను అనుకుంటున్నాను. చిరునామా వైపు ఇంకో చేయి, ఇంగ్లీషులో పెద్దపెద్ద విడి అక్షరాలు, ఎందుకంటే తెలుగులో రాస్తే భీవండీ పోస్టాఫీసులో చదివేవాళ్లుండరు. మొత్తం మూడు చేతులు ఒక కార్డు మీద. దీన్ని చేసిన మనిషి ఎవరు అని అడిగితే ఒక్క పేరు చెప్పలేం, మన ఊళ్లలో పాటకి ఎవరు కట్టారంటే చెప్పలేనట్టే.

చిరునామా వైపు చిన్నచూపు చూడకండి, ముప్పై ఏళ్లు నేను చూసింది అదే. తేదీ చెరిగిపోయిన కార్డుని కూడా ఆ వైపు చూసి చాలావరకు పట్టుకోవచ్చు. మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది, పావు అణాకి. అంతకు పదేళ్ల ముందు 1869లో ఆస్ట్రియా-హంగరీలో ప్రపంచంలోనే మొదటిసారి మొదలైంది. మన తొలి కార్డుల మీద, ఈ వైపు చిరునామా మాత్రమే రాయాలి అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉండేది, కాబట్టి మాటలన్నీ ఒకే వైపు కుక్కాల్సి వచ్చేది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, "నయా పైసలు" అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, పిన్ నంబరు కోసం ఆరు గళ్లుంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఆంధ్రప్రదేశ్ లోపలి ఊరికి "తాలూకా" అని రాసి ఉంటే సాధారణంగా 1985కి ముందు, "మండలం" అని ఉంటే ఆ తర్వాత, అయితే పెద్దవాళ్లు అలవాటుకొద్దీ చాలా ఏళ్లు తాలూకా అనే రాశారు, దీన్ని ఒక్కదాన్నే నమ్మకండి. తపాలా ముద్రలో బెజవాడ, కోకనాడ, ఎల్లూరు, విజగపట్నం లాంటి పాత పేర్లు ఇంగ్లీషులో కనిపిస్తే తొందరపడి పక్కన పెట్టకండి, అవి మన విజయవాడ, కాకినాడ, ఏలూరు, విశాఖపట్నాలే. మీ తాతగారి వైపు వాళ్లెవరైనా నిజాం రాజ్యంలో ఉండి ఉంటే ఇంకా జాగ్రత్తగా వెతకండి. హైదరాబాదుకి సొంత తపాలా ఉండేది, 1950లో భారత తపాలాలో కలిసింది. వాళ్ల 1871 నాటి స్టాంపు మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగులోనూ ధర రాసి ఉంటుంది. దానిమీద తెలుగు అక్షరం చూసిన రోజు నేను రాత్రి నిద్రపోలేదు.

సాధారణంగా రెండు ముద్రలుంటాయి, వేసిన ఊరిదీ, చేరిన ఊరిదీ. రెండు తేదీలూ చూడండి, ఎన్ని రోజులు ప్రయాణం చేసిందో తెలుస్తుంది. బాగా రాసినవాళ్లు చిరునామాని మెట్లలా దించుతారు, పేరు పైన, దాని కింద కాస్త లోపలికి జరిపి ఊరు, ఇంకా జరిపి వయా, ఆపైన జిల్లా కింద గీత గీసి. నడుస్తున్న బండిలో గుడ్డి దీపం కింద అలాంటి చిరునామా చేతికొస్తే కంటికి ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. "మ.రా.రా.శ్రీ" అని, అంటే మహారాజ రాజశ్రీ అన్న గౌరవ మాటని, ఒక్క కలంపోటులో ముడివేసి రాసే పద్ధతి కూడా అక్కడే చూస్తారు, కొందరిది అది చూస్తే అక్షరాల్లా కాదు, ఒక పక్షి రెక్క విప్పినట్టుంటుంది.

పేరున్న కళాకారుల సంగతి కావాలంటే, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ గారు కార్డుల మీద బొమ్మలు వేసి శిష్యులకీ స్నేహితులకీ పంపేవారు, వాటిని ఇప్పుడు కళగానే చూస్తున్నారు. మన గుంటూరు జిల్లా తుమ్మపూడి సంజీవదేవ్ గారు చిత్రకారుడు, కళా విమర్శకుడు, ఉత్తరం రాయడాన్ని జీవితాంతం ఒక సాధనలా చేసిన మనిషి. అయితే పేరున్నవాళ్లవి కాబట్టి కళ అనడం నాకు ఒప్పుదల కాదు. మీ తాతగారి పెట్టెకి ఆ సిఫార్సు అక్కర్లేదు.

ఇప్పుడు దాచడం. లామినేషన్ చేయించకండి, దయచేసి. వేడికి సిరా మారుతుంది, తర్వాత తీయడం కుదరదు, నొక్కుళ్లన్నీ చదునైపోతాయి, పైన చెప్పిన టార్చి వెలుగులో ఇక ఏమీ కనిపించదు. మా బంధువుల ఇంట్లో ఒక కట్ట మొత్తం అలా పోయింది, నాకు చెప్పేటప్పటికే అయిపోయింది, ఇప్పటికీ బాధే. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, పదేళ్లకి పసుపు పచ్చని జిగురు మరక మిగుల్తుంది. గుండుసూదులు, రబ్బరుబ్యాండ్లు తీసేయండి. మామూలు ప్లాస్టిక్ ఆల్బం కవర్లలో పెడితే అవి మెత్తబడి సిరాని పీల్చేస్తాయి, పాలియెస్టర్ కవర్లు దొరుకుతాయి, అవి కొనండి, లేదా ఆమ్లం లేని కాగితంతో చేసిన కవర్లు. అట్టపెట్టెలో పెట్టి, గోడకి ఆనించకుండా, నేలమీద కాకుండా, బీరువా మధ్య అరలో ఉంచండి, చెద ఎక్కువగా గోడ వైపు నుంచే వస్తుంది. వానాకాలంలో నెలకోసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి, ఎండలో వద్దు. ముద్రవేసిన స్టాంపు బొమ్మ కోసం కార్డు మూల కత్తిరించే అలవాటు ఒకప్పుడు చాలామందికి ఉండేది, ఇప్పటికీ ఎవరైనా అడుగుతారు, ఇవ్వకండి.

స్కాన్ తప్పకుండా చేయండి, 600 డి.పి.ఐ.లో, రంగుల్లో, ఖాళీగా ఉన్నా సరే రెండు వైపులా. కానీ స్కాన్ చేసేశాం కదా అని అసలుది పక్కన పడేయొద్దు. స్కానర్ వెలుగు నేరుగా పడుతుంది కాబట్టి నొక్కుడు కనపడదు. వీలైతే ఏటవాలు వెలుగులో ఫోనుతో ఇంకో ఫోటో కూడా తీసి దాంతో పాటు ఉంచండి. గొలుసుకట్టు చదవాలంటే ఇంట్లో డెబ్బై దాటినవాళ్లని కూర్చోబెట్టి పైకి చదివించండి, రికార్డు చేసుకోండి. వాళ్లు కూడా తడబడితే పాత దస్తావేజులు రాసినవాళ్లని అడగండి, ఇప్పుడు చాలా తక్కువ మందే ఉన్నారు, ఆలస్యం చేయకండి.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. మీ కట్టలో ఒక వైపు చిరునామా మాత్రం ఉండి, రెండో వైపు ఒక్క అక్షరం లేని కార్డు కనిపిస్తే, పనికిరానిదని తీసేయకండి. రిప్లై కార్డులని ఉండేవి, రెండు కార్డులు అతికి ఉండేవి, రెండో దానికి కూడా ముందే డబ్బు కట్టేసి ఉండేది. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన కూతురికి తండ్రి ఆ రెండో దానిమీద తన చిరునామా తనే రాసి పంపేవాడు, చేరగానే కార్డు ముక్క రాయడానికి కార్డు లేదనో, తెప్పించుకోలేకపోయాననో ఇబ్బంది పడకుండా. ఆ సగం వాడకుండా మిగిలి మీ తాతగారి పెట్టెలో ఉందంటే ఇంట్లో ఎవరో దాన్ని దాచుకుని ఉండాలి. అలాంటిది దొరికితే చిరునామా ఎవరి చేతిరాతో మిగతా కార్డులతో పోల్చి చూడండి. ముద్రలు చెరిగిపోయినవి ఏవైనా ఉంటే వాటి ఫోటోలు ఇక్కడ పెట్టండి, ఏ ఊరి ముద్రో చదివి చెబుతాను.